పెరట్లోకి వచ్చిన పొద

ఆ వీధిలో చివరి ఇల్లు వాళ్ళది. పెరటి కంచె దాటితే ఇక ఇళ్ళు లేవు. నడుమెత్తు గడ్డి, గడ్డి చివర రెల్లు, రెల్లు వెనక చెరువు. ఇల్లు కొనేముందు అమ్మ వంటింట్లో అరలు చూసుకుంటూ ఉంటే, నాన్న నేరుగా వెళ్ళి వెనక తలుపు తీసి, ఆ గడ్డివైపు ఓసారి చూసి, "ఇదే తీసుకుందాం" అన్నాడట. "కాపరానికి ఇల్లు చూడమంటే కొంగలకి చూసొచ్చాడు" అని అమ్మ ఎన్నేళ్ళయినా దెప్పడం మానలేదు.

వీధిలో ఆయన్ని అందరూ ఫోటోలాయన అనేవాళ్ళు. ఆయన తీసిన పిట్టలు, ముంగిసలు, నీటిపాములు బడి పుస్తకాల్లోనూ క్యాలెండర్లలోనూ అచ్చయ్యేవి. పెళ్ళి ఫోటోలు తియ్యమని ఎవరైనా వస్తే, "మనుషులు కెమెరా కనపడగానే మొహం మార్చేస్తారండీ, వాళ్ళని తియ్యడం నాకు చేతకాదు" అని నవ్వి పంపేసేవాడు. ఎంత దూరం తిరిగినా రాత్రి భోజనానికి ఇంట్లో ఉండాల్సిందే. కూతురికి జడ వేసింది ఆయనే, కొడుక్కి ఈత నేర్పింది ఆయనే. పిట్టల దగ్గర గుసగుసలాడి గుసగుసలాడి ఇంట్లోనూ ఆయన మాట గుసగుసే అయిపోయింది. "ఉప్పు సరిపోయిందో లేదో కాస్త గట్టిగా చెప్పండి, నేనేం ఎగిరిపోను" అనేది అమ్మ. దగ్గు వస్తే పిట్టలు బెదురుతాయని ఎప్పుడూ బుగ్గన ఒక లవంగం పెట్టుకునేవాడు. ఆయన దగ్గరికొస్తే ముందు లవంగం వాసన వచ్చేది, తర్వాత మనిషి.

ఆయన ముసుగు అమ్మ కుట్టిందే. పాత వల మీద ఆకుపచ్చ, మట్టిరంగు గుడ్డపీలికలు, నార. అది తలమీంచి కప్పుకుని కూర్చుంటే మనిషి మాయమై పొద మిగిలేది. ఒకసారి ఎవరిదో మేక వచ్చి భుజం మీద పీలికలు నమిలేసినా తను కదల్లేదని నెల రోజులు గొప్పలు పోయాడు.

పెద్దపిల్లకి ఆయన పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. ఇప్పుడామె కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. రోజంతా చీకటి గదిలో జనానికి అక్షరాలు చూపించి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని అడగడం ఆమె పని. ఇన్నేళ్ళొచ్చినా నాన్న కూతురు అనే పేరు పోలేదు. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని, అడవిజంతువు దగ్గరికి ఎలా వెళ్ళాలో కథలా చెప్పించుకునేది.

"దగ్గరికి వెళ్ళడం కాదు పిచ్చుకా, అలవాటు పడనివ్వడం. ఇవాళ అక్కడ కూర్చోవాలి. రేపు కాస్త ఇటు. అది చూస్తున్నంతసేపూ కదలకూడదు. తల తిప్పుకున్నప్పుడే జరగాలి. పోనుపోను అది నిన్ను చెట్టో పుట్టో అనుకుంటుంది. అప్పుడు చెయ్యి చాపితే అందుతుంది."

ఆ చివరి మాటకి ఆమె చప్పట్లు కొట్టేది.

ఒకరోజు ఆయన భోజనానికి రాలేదు. తమ్ముడు టార్చిలైటు పట్టుకుని వెళ్ళాడు. వాడు బస్సుల షెడ్డులో మెకానిక్కు, గట్టిపిండం. అయినా తిరిగొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. నాన్న రెల్లులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఒంటిమీద ముసుగు లేదు. ఆ గోలలో దాని సంగతి ఎవరూ అడగలేదు.

తర్వాత ఇల్లంతా ఫోటోలే అయింది. నాన్న స్నేహితుడు, ఫ్రేములు కట్టే మామయ్య, లైబ్రరీ హాల్లో సంస్మరణ సభ, ఫోటోల ప్రదర్శన పెడదామన్నాడు. రోజూ ఎవరో ఒకరు వచ్చి, తలొక ముచ్చటా చెప్పుకుని, చివరికి ఒకే మాట అనేవాళ్ళు. "ఒక్కసారి కనపడితే బాగుండు." అందరికంటే ఎక్కువసార్లు ఆ మాట అన్నది పిచ్చుకే.

ఆమె ఆ పొదని మొదట చూసింది ఒక ఉదయం, బట్టలు ఆరేస్తున్నప్పుడు. కంచెకి అవతల, గడ్డి పలచబడిన చోట, మనిషి ఎత్తున ఏదో మొక్క గుబురుగా లేచింది. వానలకి ఏదో మొలిచిందిలే అనుకుంది. మర్నాడు అది కంచెని ఆనుకుని ఉంది. నిన్న సరిగ్గా చూడలేదేమో అనుకుంది. రోజూ ఇతరుల చూపు సరిచేసే మనిషికి తన చూపు మీద అనుమానం రావడం నవ్వులాటగానే ఉంది.

ఆ వారంలోనే అది కంచెకి ఇవతలికి వచ్చింది.

నీళ్ళ తొట్టి పక్కన. ఆకులనుకున్నవి ఆకులు కావు. తడిసి వేలాడుతున్న గుడ్డపీలికలు. గాలికి బట్టలన్నీ ఊగుతున్నాయి, అది మాత్రం ఊగడం లేదు. బురద వాసన... రెల్లు కుళ్ళిన వాసన... దాని వెనకే సన్నగా లవంగం వాసన.

పిచ్చుక చేతిలో తడి తువ్వాలు జారిపోయింది. "నాన్నా" అనాలి. మాట నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. తువ్వాలు అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తి గడియ పెట్టింది. గడియ పెట్టాక, తన చెయ్యి ఇంకా ఆ గడియ మీదే ఉండడం చూసుకుని, సిగ్గుతో ఆమె మొహం వేడెక్కిపోయింది. ఏ మనిషి కోసం ఇన్నాళ్ళూ ఏడ్చిందో, ఆ మనిషి మీదే గడియ పెట్టింది.

అమ్మకి మాత్రం భయం లేదు. సాయంత్రం అవగానే చిక్కుళ్ళు ముందేసుకుని పెరటి మెట్ల మీద కూర్చునేది. గొంతు తగ్గించి ఏవేవో కబుర్లు చెప్పేది. గ్యాసు అయిపోయిందనీ, తమ్ముడు జుట్టు కత్తిరించుకోవడం లేదనీ.

"ఎవరితోనమ్మా?" అంది పిచ్చుక, తలుపు వెనక నుంచే.

"మీ నాన్నతో. ఇంకెవరితో?"

"జవాబు చెబుతాడా?"

"బతికున్నప్పుడు మాత్రం చెప్పేవాడా ఏంటి?"

అమ్మ నవ్వింది. పిచ్చుక నవ్వలేకపోయింది. ఆమె తలలో ఒకటే తిరుగుతోంది. ఇవాళ అక్కడ. రేపు కాస్త ఇటు. తల తిప్పుకున్నప్పుడే. ఆయన జింకల దగ్గరికి, ముంగిసల దగ్గరికి వెళ్ళిన పద్ధతే ఇది. ఈసారి అలవాటు పడాల్సింది మనం. చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చాక... ఏం చేస్తాడు? ఆయన బతికుండగా చీమకి కూడా కీడు చెయ్యలేదు. ఆ సంగతి తెలిసి కూడా ఈ ప్రశ్న వేసుకుంటున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసేది. అయినా ప్రశ్న పోయేది కాదు.

సభ రోజు తెల్లారకముందే మెలకువ వచ్చింది. వెనక తలుపు సందులోంచి లవంగం వాసన వస్తోంది. చిన్న కిటికీ రెక్క ఓరగా తీసి చూసింది. పొద బట్టలు ఆరేసే తీగ దాటింది. మెట్లకి ఇంక నాలుగు బారల దూరం కూడా లేదు. నిన్న అమ్మ తియ్యడం మరిచిపోయిన తెల్ల దుప్పటి తీగ మీద దాని పక్కనే కదలకుండా వేలాడుతోంది.

అప్పుడు వినపడింది. గుసగుస. గాలి వదిలినంత మెల్లగా.

"లోపలికి..."

పిచ్చుక కిటికీ మూసేసింది. చెవులు మూసుకుంది. అయినా...

"పిచ్చుకా... లోపలికి..."

రానివ్వమంటున్నాడు. లోపలికి రానివ్వమని బతిమాలుతున్నాడు. ఆమె మంచం కింద ఉన్న ఇనప్పెట్టె ఈడ్చుకొచ్చి తలుపుకి అడ్డంగా తోసింది. చప్పుడుకి లేచొచ్చిన తమ్ముడు, "ఏంటక్కా పొద్దున్నే?" అని కళ్ళు నులుముకున్నాడు. "బొద్దింకలు" అంది. వాడు ఆమెనీ పెట్టెనీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు.

లైబ్రరీ హాలు నిండిపోయింది. గోడల నిండా ఆయన తీసిన కళ్ళు. గుడ్లగూబ కళ్ళు, కప్ప కళ్ళు, పిల్లని నోట కరుచుకున్న తల్లిపిల్లి కళ్ళు. ఫ్రేముల మామయ్య కాసేపు మాట్లాడి, ఏడుపొచ్చి ఆపేశాడు. తర్వాత పిచ్చుకని పిలిచారు.

ఏం మాట్లాడాలో ఆమె ఏమీ అనుకోలేదు. మైకు ముందు నిలబడితే మాటలు వాటంతటవే వచ్చాయి.

"నాన్నా, ఒక్కసారి రా. వెనక తలుపు మెల్లగా తట్టు చాలు. నేను పరిగెత్తుకొచ్చి తీస్తాను."

హాల్లో ఏడవనివాళ్ళు లేరు. ముందు వరసలో ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. పిచ్చుక కిందికి దిగుతుంటే జనం చేతులు పట్టుకున్నారు, కూతురంటే నువ్వమ్మా అన్నారు. వాళ్ళందరూ తన అరచేతుల్లోంచి ఇనప్పెట్టె తుప్పు వాసన పసిగడుతున్నారేమో అనిపించింది. అమ్మ ఒక్కతే దగ్గరికి రాలేదు. కూతుర్ని వింతగా చూస్తూ కూర్చుంది.

అక్కడ ఇంక ఉండలేకపోయింది. తల నొప్పిగా ఉందని తమ్ముడికి చెప్పి ముందే ఇంటికి వచ్చేసింది. పొద్దు వాలుతోంది. పక్కిళ్ళవాళ్ళందరూ హాల్లోనే ఉన్నారు, వీధిలో పిల్లి కూడా లేదు. ఇంట్లోకి అడుగు పెట్టగానే లవంగం వాసన మొహానికి కొట్టింది. తలుపు అవతల కాదు. ఇల్లంతా.

పెట్టె జరిపి తలుపు తీసింది.

పొద మెట్ల కింద నిలబడి ఉంది. చెయ్యి చాపితే అందేంత దగ్గర.

ఆలోచించి చేసిన పని కాదు. అలాగని తెలియక చేసిందీ కాదు. తమ్ముడి సామాన్ల గదిలో డీజిలు డబ్బా ఎక్కడుంటుందో ఆమెకి తెలుసు. తెచ్చింది. మెట్ల మీంచే గుమ్మరించింది. పీలికలు తడిసి లోపలి ఆకారానికి అంటుకుపోయాయి. భుజాలు తెలిశాయి... కాస్త ముందుకి వంగిన మెడ తెలిసింది. అగ్గిపుల్ల గీసేముందు కళ్ళు మూసుకుంది.

అది అరవలేదు. పారిపోలేదు. మంటలో నిలబడే ఉంది. తర్వాత అలిసిపోయిన మనిషి కూర్చున్నట్టు మెల్లగా మోకాళ్ళ మీదికి ఒరిగింది. చిటపటల మధ్య, అంత మంటలో కూడా, అదే గుసగుస.

"పిచ్చుకా... లోపలికి... లోపలికి..."

ఆ తర్వాత మంట చప్పుడే మిగిలింది.

అమ్మా తమ్ముడూ వచ్చేసరికి ఇంకా పొగ లేస్తోంది. పిచ్చుక మెట్ల మీద డబ్బా పక్కన కూర్చుని ఉంది. అమ్మ బూడిదని చూసింది, డబ్బాని చూసింది. అమ్మ తిట్టి ఉంటే, జుట్టు పట్టుకుని కొట్టి ఉంటే ఎంతో బాగుండేది.

"ఏం చేశావే?" అంది, నాన్నలాగే గొంతు లేకుండా.

"అది రోజూ దగ్గరికి వస్తోందమ్మా. నాన్న చెప్పినట్టే, కొంచెం కొంచెం. నాతో మాట్లాడింది కూడా. లోపలికి, లోపలికి అని ఒకటే..."

"మొహం చూశావా?"

"పొదకి మొహం ఏంటమ్మా?"

"ఆ ముసుగు కుట్టింది నేను. ముందేదో వెనకేదో నాకు తెలీదా?" అమ్మ మెట్టు మీద కూలబడింది. "పీలికలు చాలక మెడ వెనక ఆయన పాత పైజామా గుడ్డ అతికాను. నీలం చారలది. ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చున్నప్పుడల్లా నాకు ఆ చారలే కనపడేవి. ఒక్కసారి ఇటు తిరగండీ, మొహం చూస్తాను అని ఎంత బతిమాలినా తిరగలేదు. మనకి వీపు పెట్టి నిలబడ్డాడే. గడ్డివైపు చూస్తూ."

తమ్ముడు టార్చి వేశాడు. బూడిద మధ్య కాలకుండా మిగిలిన పచ్చగడ్డి, రెండు పాదాల మేర. మడమలు ఇంటివైపు. వేళ్ళు చెరువువైపు.

"పోయేముందు నన్ను పెరట్లోకి కూడా రానిచ్చేవాడు కాదు" అంది అమ్మ. "చెరువులోకి కొత్తదేదో వచ్చిందన్నాడు. పిట్టా అంటే కాదన్నాడు. జంతువా అంటే మాట్లాడలేదు. మరి ఫోటో తీశారా అంటే, దాని వంక కెమెరా ఎత్తకూడదు, ఎదురుగా మనిషి నిలబడి ఉన్నంతసేపూ అది మెల్లగా తప్ప రాదు అన్నాడు. మీకు చెబితే భయపడతారని చెప్పొద్దన్నాడు."

"మరి రోజూ ఇటు ఎందుకు జరిగాడమ్మా?" అన్నాడు తమ్ముడు.

అమ్మ గడ్డివైపు చూసింది.  ఎదురుగా ఒకటి ముందుకొస్తుంటే, నిలబడ్డవాడు వెనక్కి అడుగు వెయ్యక తప్పదు.

పిచ్చుక చెవిలో ఆ గుసగుస మళ్ళీ మోగింది. లోపలికి రానివ్వమని కాదు. లోపలికి వెళ్ళమని. కాలిపోతూ కూడా ఆయన అన్నది అదే.

ఆ రాత్రి ముగ్గురూ ముందు గదిలో, లైట్లన్నీ వేసుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గడిపారు. పొద్దున్నే జనం వచ్చారు. పిచ్చుక మాటలు విని నిద్ర పట్టలేదని చెప్పడానికి వచ్చారు. ఫ్రేముల మామయ్య ఆమె తల నిమిరి, "మీ నాన్న అదృష్టవంతుడమ్మా" అన్నాడు. ఆమె ఆ చెయ్యి తోసేసి స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నోరు మూసుకుని ఏడ్చింది. బయటికి వచ్చి నిజం చెప్పేద్దామనుకుంది. చెబితే నమ్మరు. నమ్మితే ఇంకా ఘోరం.

ఇల్లు వదిలి వెళ్ళిపోవడానికి తమ్ముడు స్నేహితుడి వ్యాను మాట్లాడాడు. చీకటి పడేలోగా వస్తానన్నాడట వాడు, ఇంతలో దారిలో టైరు పేలిందని ఫోను. ఇంకాస్త ఆలస్యం. తమ్ముడు ఇంట్లో మిగిలిన ఫ్రేములు గుడ్డల్లో చుడుతున్నాడు. అమ్మ గిన్నెలు సర్దుతోంది. సర్దుతూ సర్దుతూ వెనక తలుపువైపు చూసి, తడిచేతులు తుడుచుకుని లేచింది.

"ఎక్కడికమ్మా?"

"వ్యాను వచ్చేదాకా ఎవరో ఒకరు నిలబడాలిగా."

"నువ్వు కూర్చో" అంది పిచ్చుక. "అది నా పని."

అమ్మ ఆపలేదు. అదే ఆమెకి అన్నిటికంటే పెద్ద శిక్ష అనిపించింది.

మెట్లు దిగింది. బూడిద దగ్గరికి వెళ్ళింది. పచ్చగడ్డి మిగిలిన చోట నాన్న పాదాల్లో తన పాదాలు పెట్టి, ఇంటికి వీపు చేసి నిలబడింది. తప్పు కడుక్కుంటున్నానని ఆమె అనుకోలేదు. అంత తేలిగ్గా పోయేది కాదని తెలుసు. వెనక్కి పరిగెత్తాలనిపించింది. అనిపించినందుకు మళ్ళీ సిగ్గు. వెనక నాన్న ఫ్రేములు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. అమ్మ దగ్గు. ఎదురుగా గడ్డి.

గాలి లేదు. ఆకాశం తేటగా, మిగిలిన కాస్త వెలుతురుతో బూడిదరంగుగా ఉంది. రోజూ ఈ వేళకి చెరువు మీద ఎంత గోల ఉంటుందో ఆమెకి తెలుసు. ఇవాళ కప్ప కూడా అరవడం లేదు.

గడ్డి మొదళ్ళు కదిలాయి.

 కంచె సందులోంచి ముందు ఒక నీటికోడి బయటికి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత బాతులు. తర్వాత కొంగలు, పొడుగు కాళ్ళు మెల్లగా ఎత్తి పెడుతూ. తర్వాత లెక్కలేనన్ని. చెరువులో ఉన్న పిట్టలన్నీ నడుచుకుంటూ వస్తున్నాయి. ఒక్కటీ కూయడం లేదు. ఒక్కటీ ఆమెని చూసి బెదరడం లేదు. ఆమె చీలమండలకి రెక్కలు రాసుకుంటూ, చెట్టునో పుట్టనో దాటినట్టు ఆమెని దాటి, ఇంటి పక్క సందులోంచి వీధిలోకి వెళ్ళిపోతున్నాయి. అన్నీ మెడలు ముడుచుకుని, తలలు నేలకి ఆన్చి.

ఒక్కటీ ఎగరడం లేదు.

ఎందుకు ఎగరడం లేదో ఆమెకి అర్థం కాలేదు. అంత ఆకాశం ఖాళీగా ఉంది. ఇందాక చూసినప్పుడు ఖాళీగానే ఉంది.

ఇన్నాళ్ళూ నాన్న గడ్డిలోకే చూస్తూ నిలబడ్డాడని అనుకున్నారు. పైకి చూడకూడదనే ఆయన మెడ వంచాడు.

చివరి కొంగ కూడా దాటిపోయింది. పెరట్లో వెలుతురు ఒక్కసారిగా తగ్గింది, ఎవరో దీపానికి అడ్డం వచ్చినట్టు.

పిచ్చుక తల పైకెత్తలేదు. మెల్లగా, తనకి తెలియకుండానే, ఒక్కడుగు వెనక్కి వేసింది.